పొగమంచులో పావురం ఎగరదు

యుద్ధం రోజుల్లో స్కెల్బీ విమాన స్థావరంలో పావురాల షెడ్డు వంటగది వెనకాల ఉండేది. ఉడికిన క్యాబేజీ వాసన, రెట్ట వాసన, తడిగడ్డి వాసన కలిసిపోయే చోటు. దాని బాధ్యతంతా హిల్డా కాథోర్న్‌ది. హోదా మాత్రం లేదు. సముద్రం దాటి వెళ్ళే ప్రతి బాంబర్‌లోకీ రేకుపెట్టెలో ఒక పావురాన్ని పంపేది ఆమే. విమానం నీళ్ళలో పడితే, ఎక్కడ పడ్డారో చీటీ రాసి, పావురం కాలికున్న గొట్టంలో పెట్టి వదులుతారు. అది చిన్న తలుపు తోసుకుని షెడ్డులోకి రాగానే గంట మోగుతుంది.

ఒకరోజు సాయంత్రం నీలం పెట్టను, ఆ నీలిరంగు ఆడపావురాన్ని, తీసుకెళ్ళింది వైర్‌లెస్ ఆపరేటర్ బెక్‌విత్.

"నా రొట్టెలో సగం ఇదే తింటోంది హిల్డా."

"తిననీ. నీకంటే పనికొచ్చేది అదేగా."

"అవునులే. మేం మునిగితే దీని మాటే నమ్ముతారు," అని నవ్వుతూ వెళ్ళాడు.

ఏడుగురు వెళ్ళారు. తెల్లారింది. విమానం రాలేదు.

మధ్యాహ్నానికి సముద్రం మీంచి పొగమంచు పాకివచ్చింది. ఎదురుగా ఉన్న వంటగది గోడ కూడా కనపడలేదు. పావురాలన్నీ ఉన్నట్టుండి కువకువలాడటం మానేశాయి.

గంట మోగింది.

హిల్డా చేతిలో గింజల డబ్బా అలాగే ఉండిపోయింది. పొగమంచులో పావురం ఎగరదు. ఆరేళ్ళప్పుడు నాన్న దగ్గర నేర్చుకున్న సంగతి అది. పోయిన నెల ఆఫీసర్లకు తనే పాఠం చెప్పింది కూడా.

నీలం పెట్ట. తడిసి ముద్దయింది. మంచుగడ్డలా ఉంది. రొమ్ము మీద వేలుపెట్టి గుండె చప్పుడు వెతికింది... అందలేదు. కళ్ళు మాత్రం ఆమెనే చూస్తున్నాయి.

కాలి గొట్టం విప్పి, చీటీ తీసి, గొట్టం జేబులో వేసుకుంది. చీటీలో బెక్‌విత్ వంకర రాత. పడిన చోటు. దాని కింద: "ఆరుగురం ఉన్నాం. పడవ పంపండి."

హిల్డా చీటీ పట్టుకెళ్ళేసరికి ఆఫీసర్ లిడ్గెట్ టీ తాగుతున్నాడు.

"పొగమంచులో పావురం ఎగరదని నువ్వేగా చెప్పావు, అమ్మాయ్?"

"చెప్పాను సార్. అయినా వచ్చింది. పడవ పంపండి."

"శనివారం బెక్‌విత్‌తో డాన్సుకి వెళ్ళావట?"

ఆడదాని చేతిమీదుగా వచ్చిన కాగితంలో ఏముందో తర్వాత. ఆమె ఎవరితో డాన్సు చేసిందో ముందు తేలాలి. హిల్డా అక్కణ్ణుంచి కదల్లేదు. రెండు గంటలు నిలబడింది. ఆమె నిలబడటం భరించలేకే లిడ్గెట్ ఫోనెత్తాడు.

మర్నాడు మంచు విడలేదు. లిడ్గెట్ తనే షెడ్డుకొచ్చి, రేకుపెట్టెను బల్లమీద పడేశాడు.

"వాళ్ళ విమానంలోని రబ్బరు పడవ దొరికింది. నువ్వు చెప్పిన చోటే. ఎవరూ లేరు. ఇదొక్కటే ఉంది."

పెట్టె గొళ్ళెం బిగించే ఉంది. లోపల నీలం పెట్ట, ఉబ్బిపోయి, చచ్చి. కాలి ఉంగరం మీద నీలం పెట్ట నంబరే.

"దీన్నెవరూ వదల్లేదు. చీటీ నువ్వే రాశావు."

"నేనే రాస్తే, ఆ రబ్బరు పడవ ఎక్కడుందో నాకెవరు చెప్పారు సార్?"

"గాలింపు ఆపేశారు," అన్నాడు లిడ్గెట్.

హిల్డా మూలనున్న గూటివైపు వేలు చూపించింది. నిన్నటి పావురం అక్కడే ఉంది. ఇంకా నీళ్ళు కారుతూనే ఉన్నాయి. గూటి కింద మడుగు. ఉప్పు వాసన...

దాని కాలికి గొట్టం ఉంది.

నిన్న విప్పిన గొట్టం కోసం హిల్డా జేబు తడుముకుంది. ఉంది. జేబులోనే ఉంది.

గూటిలోని పావురం కాలి గొట్టం విప్పింది. అదే వంకర రాత.

"నలుగురం ఉన్నాం. పడవ ఎక్కడ?"

లిడ్గెట్ చదివాడు. అతని మొహంలో నెత్తురు లేదు.

"ఎవరో... ఆటపట్టిస్తున్నారు..."

"ఫోన్ చెయ్యండి సార్," గుసగుసగా అంది హిల్డా.

అతను చీటీని తిప్పి చూశాడు.

గంట మోగింది.

చిన్న తలుపు కదల్లేదు. లోపలికి ఏదీ రాలేదు. గూటిలోని నీలం పెట్ట ఉన్నచోటే ఉంది.

దాని కాలికి మళ్ళీ గొట్టం ఉంది.