చివరిదాకా వినాలి

మా అన్న చేసేది గడియారాల రిపేరు, పిచ్చి మాత్రం పాటల మీద. ఏటా డిసెంబరులో ఆ ఏడు కొన్న రికార్డులన్నీ ముందేసుకుని, బాగా నచ్చిన పది ఆల్బమ్‌లకి ర్యాంకులిస్తాడు. రూలొకటుంది: మొదలుపెట్టిన రికార్డుని చివరిదాకా వినాలి, మధ్యలో సూది ఎత్తకూడదు. పూర్తిగా వినకుండా ర్యాంకిస్తే పాపమట! పదేళ్లుగా పక్కన కూర్చుని నేనూ బలవుతున్నాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం. బయట ముసురు, గదిలో చెమ్మెక్కిన అట్టల వాసన. తొమ్మిది ఆల్బమ్‌లు తేలాయి. పాత సామాన్ల కొట్లో కొన్న పెట్టె అడుగున ఇంకో రికార్డు మిగిలింది. పేరు లేదు, బొమ్మ లేదు.

"ఇదీ ఈ ఏడు కొన్నదే కదరా," అంటూ పెట్టాడు అన్న.

పాట లేదు. చాలాసేపు వాన చప్పుడే. తర్వాత అందులో ఎవరో దగ్గారు. కుర్చీ కిర్రుమంది.

మరుక్షణం మా అన్న దగ్గాడు. అతని కుర్చీ కిర్రుమంది.

నవ్వబోయాను. అంతలో రికార్డులోంచి, "అన్నా, ఆపెయ్... నాకు భయమేస్తోంది."

అది నా గొంతు! సరిగ్గా ఆ మాటే నా నాలుక చివర ఉంది. ఆపుకోలేక అనేశాను కూడా.

"రూలంటే రూలేరా," గుసగుసగా అన్నాడు అన్న. ఆ మాటా రికార్డులో అప్పటికే వినేశాను.

తర్వాత అందులో అన్న ఊపిరి. బరువుగా... ఆగి ఆగి... ఆగిపోయింది.

నాకంటూ ఉన్నది అన్నొక్కడే. రూలూ లేదు, గీలూ లేదు, సూది లాగిపారేశాను.

అన్నకేమీ కాలేదు. పైగా ముఖం మాడ్చుకుని, "ఇంకో వేలెడు మిగిలిపోయింది కదరా, ఇప్పుడు దీనికి ర్యాంకెలా ఇవ్వను?" అన్నాడు. ఆ రికార్డుని నా బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి జేబులోంచి తియ్యలేదు.

ఇవాళ పొద్దున టీ పెట్టుకుందామని లేస్తే, బల్ల మీద అన్న జాబితా కనిపించింది. మొన్నటి తొమ్మిదీ ఒక్కో మెట్టు కిందికి దిగాయి. పైన, మొదటి ర్యాంకు దగ్గర, అన్న చేతిరాత: "పేరు లేనిది. చివరిదాకా విన్నాను."

జేబు తడుముకున్నాను. తాళంచెవి ఉంది. పరుగున వెళ్లి చూస్తే బీరువా తాళం వేసినట్టే ఉంది.

అన్న గది తలుపు మూసి ఉంది. లోపల రికార్డు తిరుగుతోంది. గరగర... గరగర... ఆ గరగరలోంచి ఎవరో ఏడుస్తూ తలుపు బాదుతున్నారు.

"అన్నా! తలుపు తియ్ అన్నా!"

నా గొంతే.

నేనింకా తలుపు ముట్టుకోలేదు.