నలభైలో ఐదోది

"ఫెయిలా? పన్ను మీద ఫిల్లింగ్ ఎదురుంగ కనబడుతుంటే ఫెయిల్ ఎట్ల రాస్తవ్?"

అశ్రిత ఫారం టేబుల్ మీద విసిరికొట్టింది. విశ్వతేజ తల ఎత్తలేదు.

మేడ్చల్ దగ్గరి డెంటల్ కాలేజీలో ఆమెది పీజీ ఆఖరి ఏడాది. ఫిల్లింగ్‌ను పంటికి అతికించే కొత్త మందు మీద ట్రయల్. నలభై పళ్లకు ఫిల్లింగ్ పెట్టింది ఆమె. ఆరు నెలలకోసారి చూసి మార్కు వేసేది తోటి పీజీ విశ్వతేజ. పద్దెనిమిది నెలల్లో నాలుగుకు మించి ఊడితే మందు పనికిరానట్టే. నాలుగు ఊడాయి. ఇవాళ ఆఖరి పేషెంట్, రావల్కోల్ ఊరి బాలనర్సమ్మ.

"కారణం చెప్పు."

"పెట్టినోళ్లతోని చూసేటోళ్లు మాట్లాడొద్దు. రూల్."

"రూలా, పొగరా? ఏడాదిన్నర నుంచి ఎదురొస్తే మొఖం తిప్పుకుంటవ్. ఇప్పుడు నా థీసిస్ ముంచినవ్!"

విసురుగా వరండాలోకి వెళ్లింది. బాలనర్సమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది.

"అవ్వా, నోరు తెరువు."

"వద్దు బిడ్డా. బస్సు పోతది."

"తెరువు!"

అశ్రిత టార్చి వేసి చూసింది. ఫిల్లింగ్ చుట్టూ గాజులాంటి పొర. అది ఆమె పెట్టిన మందు కాదు.

"ఏందిది అవ్వా?"

"మక్కకంకి కొరుకుతుంటే ఊడి చేతుల పడ్డది. పోయినసారి నాతోని చూపిచ్చుకోను వచ్చిన శోభారాణి పల్లుది ఊడిందంటే గోడ దిక్కు తిరిగి ఏడిస్తివి. నేను జూడలేదా? అందుకే చెప్పులతికిచ్చే గమ్‌తోని..."

"నోట్లె చెప్పుల గమ్మా! నీకేమన్నయితే?"

"నాకేంగాదు. నీ సదువు ఆగొద్దని జేసిన." అశ్రిత వెనకాలే వచ్చిన విశ్వతేజ మీద ముసలమ్మ విరుచుకుపడింది. "నువ్వేంది పిలగా? కనిపెట్టినోనివి పిల్లకు జెప్పొద్దా?"

అశ్రిత అతని చేతిలోని ఫారం లాక్కుని, 'ఫెయిల్' అన్న మాట కింద సంతకం చేసింది. పెన్ను కాగితాన్ని చింపినంత పని చేసింది.

"మందు ఫెయిల్. గట్లనే రాస్త. సంతోషమా?"

"ఇగ ట్రయల్ అయిపోయింది, మాట్లాడొచ్చు," అన్నాడు విశ్వతేజ. "మొదటి రోజే గైడ్ సార్‌తోని చెప్పిన, నన్ను తీసెయ్యుమని. ఇష్టమున్న పిల్ల పనికి మార్కులేసుడు తప్పు కదా. వేరేటోళ్లు లేరు, ఆమెతోని మాట్లాడకుంట వెయ్యి అన్నడు."

అశ్రితకు కోపం రెట్టింపయింది.

"అంటే ఏడాదిన్నర నన్ను ఉత్తగనే తిట్టుకోనిచ్చినవా? సిగ్గులేదా? నడువు. అవ్వ పల్లు మళ్ల చెయ్యాలె. ట్రయల్‌ది గాదు, రోజు వాడే పాత మందు తియ్యి, లైట్ పట్టుకో."

లోపల, అవ్వ కుర్చీ పక్కన అతను లైట్ పట్టుకున్నాడు. వెలుగు పంటి మీద కాకుండా అవ్వ ముక్కు మీద పడింది.

"సక్కగ పట్టరాదా!" అంటూ అశ్రిత అతని మణికట్టు పట్టుకుని లైట్ సరిచేసింది. సరయ్యాక కూడా వదల్లేదు.

నోరు బార్లా తెరిచి కూర్చున్న బాలనర్సమ్మ అంతా చూసింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఒక్క మాటా అనలేకపోయింది.