ప్రయాణం రోజు పట్టిన మబ్బు

పొద్దున నిప్పులు చెరిగిన ఎండ, భోజనాల వేళకి ఎటు పోయిందో పోయింది. వేసవి మొదట్లో ఆకాశాన్ని నమ్మడం, పిల్లల ఒట్లు నమ్మడం ఒకటే అనుకుంది టీచరమ్మ.

రెండు రోజుల ప్రయాణం. పూటంతా వెళ్తే సముద్రం. భర్త కారు టైర్లలో గాలి కొట్టించుకొస్తానని అప్పుడే వెళ్లాడు. ఆమె నూలు చీరలు మడతపెట్టి, గొడుగు పెట్టాలా వద్దా అని తటపటాయిస్తోంది.

అమ్మానాన్నా లేని ఆమెను అక్కే పెంచింది. కుట్టుమిషను తొక్కి చదివించింది. తిరిగి అడిగింది ఒక్కటే... సముద్రం చూపించమని.

నిరుడు ఇలాంటి రోజునే, "బస్‌స్టాపు దగ్గర నిలబడక్కా, కార్లో ఎక్కించుకుంటాం" అంది. తీరా బయల్దేరాక, "ఆవిడ దగ్గు వింటూ రెండు రోజులెలా గడుపుతాం?" అన్నాడు భర్త. ఆమె కిమ్మనలేదు. వేరే దారిన వెళ్లిపోయారు. ఉరుముల్లేకుండా విరుచుకుపడిన వానలో అక్క చీకటిపడేదాకా నిలబడింది. ఆ జ్వరంతోనే పోయింది. పోయేదాకా పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

గది ఒక్కసారిగా నల్లబడింది. కరెంటు పోయింది. మట్టివాసన లోపలికొచ్చింది. దాని వెనకే మిషను నూనె వాసన.

పక్కగదిలో టకటకమని చప్పుడు.

అక్క మిషను ఎప్పుడో ఎవరికో ఇచ్చేశారు.

"ఏవండీ... వచ్చారా?"

చప్పుడు ఆగింది. తడికాళ్ల అడుగులు... ఒక్కొక్కటే... ఆమె వెనకే వచ్చి నిలిచాయి. మెడ మీద చన్నీటి చుక్క పడింది.

"చిట్టీ... నేను తయారే."

ఆ పేరుతో పిలిచేది అక్కొక్కతే. ఆమె తిరిగి చూడలేదు. చాలాసేపటికి ధైర్యం కూడగట్టుకుని తిరిగితే ఎవరూ లేరు. గచ్చు మీద నీళ్లు మాత్రం మడుగు కట్టాయి. బయట ఇంకా చినుకైనా పడలేదు.

వెళ్లకూడదు. ఎక్కడికీ వెళ్లకూడదు. భర్తకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. సముద్రం ఒడ్డు లాడ్జికి చేసింది.

"మా గది రద్దు చేయండి... మేం రావడం లేదు."

"అదేంటి మేడమ్?" అన్నాడు గుమస్తా. "మీ అక్కగారు వచ్చేశారుగా. మీవారూ వచ్చారు."

"ఆయనా? ఇప్పుడేగా ఇక్కణ్నుంచి..."

"ఇదిగో, నా ఎదురుగానే ఉన్నారు. ఆవిడ ఆయన చెయ్యి వదలడం లేదు." అతను గొంతు తగ్గించాడు. "ఇక్కడ ఎండ మండిపోతోంది మేడమ్. వీళ్లిద్దరూ తడిసి ముద్దయిపోయారు... ఆయన కళ్లు ఆర్పడం లేదు."

వీధిలో కారు హారన్ మోగింది. తమ కారే. ఆమె కిటికీకి పరుగెత్తింది.

గేటు ముందు కారు ఆగి ఉంది. స్టీరింగు దగ్గర ఎవరూ లేరు.

హారన్ మోగుతూనే ఉంది.