గోడకు కుట్టు వదిలిన నాన్న

పొద్దున్నే టీ కూడా తాగకుండా టైలరు హాల్లో గోడ ముందు కూర్చున్నాడు. మెడలో ఎప్పటిలాగే కొలత టేపు వేలాడుతోంది. కొలవాల్సింది మాత్రం మనిషిని కాదు, జిప్సం బోర్డు గోడలో పడిన కన్నాన్ని. బలిసిన పిల్లి ఒళ్ళు వంచకుండా దూరిపోయేంత కన్నం అది.

అది పడింది మొన్న. రెడీమేడ్ బట్టల కంపెనీలో ఉద్యోగం వచ్చిందని, వేరే ఊరు వెళ్తున్నానని కూతురు చెప్పిన రోజు. రెడీమేడ్ అంటే ఆయన దృష్టిలో తన వృత్తికి పట్టిన చీడ. తన దగ్గర కత్తెర పట్టడం నేర్చుకున్న పిల్ల అలాంటి చోటికి పోతాననేసరికి, చేతిలో ఉన్న ఇస్త్రీ పెట్టెను గోడకేసి కొట్టాడు. బోర్డు గోడ కదా, ఇటుక గోడలా ఓర్చుకోలేదు. అప్పటినుంచి తండ్రీకూతుళ్ళ మధ్య మాటల్లేవు. ఈ సాయంత్రం బస్సుకే ఆమె ప్రయాణం.

"పనివాణ్ణి పిలిస్తే చిటికెలో చేసిపోతాడు కదండీ," అంది భార్య వంటింట్లోంచి.

"పిలిస్తే ఎలా పడిందని అడుగుతాడు. నువ్వు చెబుతావా?"

"నేనెందుకు చెబుతాను? కన్నం చేసినవాళ్ళే చెప్పుకోవాలి. పిల్లతో ఒక్క మాట మాట్లాడితే పోయేదానికి గోడ పట్టుకుని వేలాడుతున్నారు."

ఆయన విననట్టు కన్నం మీద కొలత టేపు పెట్టాడు. ఆయనకు చెవుడు అవసరమైనప్పుడు మాత్రమే వస్తుంది.

హార్డ్‌వేర్ షాపువాడు చెప్పిందంతా మరోసారి గుర్తు చేసుకున్నాడు. ముందు కన్నాన్ని చుట్టూ కోసి నలుచదరంగా చెయ్యాలి. లోపల చెక్క పట్టీలు పెట్టి స్క్రూలతో బిగించాలి. వాటి మీద కొత్త బోర్డు ముక్క కూర్చోబెట్టి, అతుకుల మీద జాలీ టేపు అంటించి, పుట్టీ పల్చగా పూతలు పూతలుగా వెయ్యాలి. ఒక పూత ఆరేదాకా ఇంకో పూత జోలికి పోకూడదు. వినడానికి బాగానే ఉంది. చిన్న రంపంతో చుట్టూ కోసేసరికి మాత్రం ఆయన ప్రాణం ఉసూరుమంది. బాగు చేద్దామని కూర్చుంటే కన్నం ఇంకా పెద్దదైంది.

లోపలి గదిలో బీరువా తలుపు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. సూట్‌కేసు జిప్పు సగం దాకా వచ్చి ఆగుతోంది. ఆ చప్పుడు వినబడినప్పుడల్లా ఆయన చెయ్యి ఆగిపోయేది. లేచి ఆ గది గుమ్మం దాకా వెళ్ళేవాడు. ఏం చెప్పాలో తోచక వంటింట్లోకి మళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చేవాడు. దాహం లేకుండా మనిషి అన్ని నీళ్ళు తాగగలడని ఆయన భార్యకు ఆ రోజే తెలిసింది.

పట్టీలు బిగించాక కొత్త బోర్డు మీద సుద్దతో గీసుకున్నాడు. కత్తితో గాటు పెట్టి ముక్కను విరిచాడు. అంచు చక్కగా వచ్చింది, ఎంతైనా ఆరితేరిన చెయ్యి. తీసుకెళ్ళి కన్నంలో పెడితే పట్టలేదు. తిప్పి పెట్టినా పట్టలేదు. నాలుగు వైపులా సమానంగా వేలెడు వెడల్పున ముక్క ఎక్కువుంది.

గది గుమ్మంలో కిసుక్కుమని నవ్వు వినబడింది. కూతురు ఆపుకోలేకపోయింది.

"గోడకి కూడా కుట్టుకి వదిలావా నాన్నా?"

ఆయన చేతిలోని ముక్కను చూసుకున్నాడు. నిజమే. కొలత సరిగ్గానే తీశాడు. చెయ్యి తన అలవాటు కొద్దీ లోపలికి మడవడానికి చుట్టూ వదిలేసింది. వంటింట్లోంచి భార్య నవ్వు కూడా వినబడింది. ఆయనా నవ్వి ఉంటే గొడవ అక్కడితో తీరిపోయేది. కానీ పౌరుషమని ఒకటి ఏడిచింది కదా.

"ఏం ఫర్లేదు, పడుతుంది," అని ముక్కను పెట్టి అరచేత్తో గుద్దాడు. పట్టకపోయేసరికి సుత్తి తీశాడు.

"విరుగుతుంది నాన్నా. చుట్టూ కోస్తే సరిపోతుంది."

"నాకు తెలుసులే."

ఇంకో దెబ్బ వేశాడు. ముక్క మూల చిట్లి తెల్లపొడి ఆయన ఒళ్ళో రాలింది. కూతురి మొహంలో నవ్వు పోయింది.

"ఎప్పుడూ ఇంతే నువ్వు. పట్టనిదాన్ని గుద్ది గుద్ది దూరుస్తావు. నన్నూ అలాగే మన కుట్టు షాపులో కూర్చోబెట్టాలని చూస్తున్నావు. నీ దగ్గర నేర్చుకున్న పనే అక్కడ చెయ్యబోతున్నా. నువ్వేమో శత్రువుల్లో చేరినట్టు చూస్తున్నావు."

"కాకపోతే ఏంటి? మన గిరాకీ అంతా మింగినవాళ్ళు వాళ్ళే. మనిషిని చూడరు, కొలవరు."

"అందుకే వెళ్తున్నా. మనిషిని కొలిచి ఎరిగినవాళ్ళు అక్కడ ఒక్కరైనా ఉండొద్దా? సరే, నీకు నచ్చదు, నచ్చకపోనీ. కానీ ఈ హడావిడి ఎందుకు? నేను బస్సెక్కేలోపు గోడ నున్నగా అయిపోవాలి, అసలేం జరగనట్టు. అంతేనా? జరిగింది నాకు గుర్తుండదనుకున్నావా?"

భార్య గరిటె పట్టుకునే వచ్చి నిలబడింది.

టైలరు సుత్తి కింద పెట్టాడు.

"గుర్తుంటుందనే నా భయం," అన్నాడు. "నేను గోడ మీదికే విసిరాను, నీ మీదికి కాదు. అయినా నువ్వు రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకున్నావు బుజ్జీ. నాన్న కొడతాడనుకున్నావు. ఇన్నేళ్ళలో నీ మీద చెయ్యి ఎత్తినవాణ్ణి కాదు. ఈ కన్నం చూస్తే నాకు గోడ కనబడట్లేదు, నువ్వలా ముడుచుకుపోవడమే కనబడుతోంది. ఇది పూడిస్తే అదీ పోతుందేమోనని ఆశ. తప్పు చేశానమ్మా."

కూతురికి ఏడుపొచ్చేసింది. వచ్చి ఆయన పక్కన నేల మీద కూలబడింది.

"నీకు భయపడటం అదే మొదటిసారి నాన్నా. నిన్ను చూసి భయపడినందుకు నా మీద నాకే అసహ్యమేసింది. అందుకే మాట్లాడలేకపోయాను. కోపంతో కాదు."

కాసేపు ఇద్దరూ ఏడ్చారు. తల్లి గరిటె చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. తర్వాత కూతురే కత్తి అందుకుని కొత్త ముక్క కోసింది. ముక్క ఇబ్బంది పెట్టకుండా కూర్చుంది. ఆయన స్క్రూలు బిగించాడు, ఆమె టేపు అంటించింది. ఆయన పుట్టీ ముద్దగా తియ్యబోతే "పల్చగా" అంది. ఆయన బుద్ధిగా పల్చగా వేశాడు.

మొదటి పూత అయ్యేసరికి బస్సు వేళ దగ్గర పడింది. తడి గోడ వైపు ఆమె అనుమానంగా చూసింది.

"ఇది ఆరితే గానీ రెండో పూత వెయ్యకూడదు. నీకు ఓపిక ఉండదు. నేను రేపు వెళ్తాలే."

మొన్నటినుంచీ ఆయన మనసు కోరుకుంటున్న మాట అదే. ఊఁ అంటే చాలు, ఒక రోజు దక్కుతుంది. కానీ ఆయన లేచి వెళ్ళి ఆమె సూట్‌కేసు జిప్పు చివరిదాకా లాగాడు.

"మిగతా పూతలు నేను చూసుకుంటా. ఆరేదాకా ముట్టుకోను. నువ్వు బయల్దేరు. మొదటి రోజే ఆలస్యంగా వెళ్తే టైలరు కూతురు టైముకి ఇవ్వదంటారు."

బస్సు దాకా సూట్‌కేసు ఆయనే మోశాడు. బస్సు కదలడానికి సిద్ధమైంది. ఆయన చెయ్యి అలవాటుగా కూతురి తల వైపు లేచి, సగంలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయింది. మెల్లగా వెనక్కి తీసుకోబోయాడు. ఆమె చూసింది. ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని తన తల మీద పెట్టుకుంది. అలాగే పెట్టుకుని నిలబడింది.

"జుట్టంతా పుట్టీ అయింది, దులుపుకో," అన్నాడు ఆయన, కళ్ళ నీళ్ళు కారుతుంటే.

"ఉండనీ నాన్నా," అని ఆమె బస్సెక్కింది.