గేట్లు తెరిచే ఫోన్

నత్త ఆ పూట కూడా బాల్కనీలో తడి బట్టలు ఆరేస్తున్నాడు. నిజానికి వంతు నెమలిది. "తలనొప్పిగా ఉందండీ, కింద షాపులో మాత్ర తెచ్చుకుంటా" అని పెదాలకు రంగు వేసుకుని మరీ వెళ్ళింది. తలనొప్పికి లిప్‌స్టిక్ ఎందుకో అతనికి అర్థం కాలేదు. అడగనూ లేదు.

నత్త, నెమలి అన్నవి ఏజెన్సీ పెట్టిన పేర్లు. ఒకే చోట కదలకుండా రోజంతా కూర్చోగలడని అతనికి ఆ పేరు. ఎక్కడికి వెళ్ళినా చూపులన్నీ వెంట తిప్పుకుంటుందని ఆమెకు ఈ పేరు. మొగుడూ పెళ్ళాల వేషంలో ఈ ఫ్లాట్‌లో దిగి ఏడాది కావస్తోంది. సందుకు అవతల, ఎదురింట్లో ఒంటరిగా ఉండే డ్యామ్ ఇంజనీరును కనిపెట్టుకుని ఉండటమే వాళ్ళ పని.

ఇంజనీరు కంటే విలువైంది అతని ఫోన్. చూడటానికి మామూలు స్మార్ట్‌ఫోనే. కేబుల్‌తో టీవీకి తగిలిస్తే చాలు, అదే పెద్ద కంప్యూటర్ అయిపోతుంది. డ్యామ్ కంట్రోల్ రూమ్ మొత్తం టీవీ తెర మీదికి వచ్చి కూర్చుంటుంది. ఫోన్ అద్దం మీద వేలు కదిలిస్తే తెర మీద బాణం కదులుతుంది. ఇంట్లో సోఫాలోంచే గేట్లు ఎత్తొచ్చు, దించొచ్చు. ఇప్పుడు డ్యామ్ అంచుల దాకా నిండి ఉంది. గేట్లన్నీ ఒక్కసారే లేపితే కింది పేటలు మట్టితో సహా కొట్టుకుపోతాయి. కుట్టుమిషన్ నమ్ముకుని పిల్లల్ని సాకుతున్న నత్త అక్క ఇల్లు ఆ పేటల్లోనే, ఏటి గట్టు పక్కనే.

తాడు మీది స్టీలు క్లిప్పు గుసగుసలాడింది. "మబ్బు పట్టిందా?"

ఏజెన్సీ పెద్దాయన గొంతు. నత్త నోట్లో ఇంకో క్లిప్పు పట్టుకుని, దాని చాటున పెదాలు కదిపాడు. "బట్టలు ఆరేలా లేవు సార్."

"విను. విదేశీ ముఠా మనిషి నీ సందులోనే దిగాడు. లిఫ్ట్ మెకానిక్ యూనిఫాం. ఫోన్ తెరిచి ఉన్నప్పుడే కొడతారు. లాక్ పడితే వాళ్ళకది పనికిరాదు. నెమలి ఏది?"

"మాత్ర కోసం వెళ్ళింది."

"ఇప్పుడా? దానికి రోగాలు కూడా ముహూర్తం చూసుకునే వస్తాయి!"

ఎదుటి కిటికీలో ఇంజనీరు కేబుల్ తగిలించాడు. ఫోన్ మీద బొటనవేలు వేశాడు. టీవీ నీలంగా వెలిగింది. అదే క్షణంలో కాలింగ్ బెల్ మోగింది. "వద్దు, తీయకు!" అని నత్త అరిచేలోపే ఇంజనీరు తలుపు తీశాడు. గడియ పడ్డంత చిన్న చప్పుడు. అతని వెనకున్న తెల్ల గోడ మీద ఎర్రగా చిందింది. మనిషి నిలువునా కూలాడు.

నత్త బట్టల తాడును కొక్కేల నుంచి ఊడబెరికాడు. చొక్కాలన్నీ సందులోకి జారిపడ్డాయి. స్టీలు క్లిప్పు జేబులో వేసుకుని మెట్లు దిగి, సందు దాటి, ఎదుటి మెట్లెక్కాడు.

మెకానిక్ గుమ్మం బయట కాపలా ఉన్నాడు. తుపాకీ లేదు, చేతిలో పొడుగాటి స్క్రూడ్రైవర్. మొదటి పోటు నత్త అరచేతిలోంచి అవతలికి దిగింది. నత్త ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. దాన్నలాగే వాడికి వదిలేసి, రెండో చేత్తో తాడు వాడి మెడకు చుట్టి, వీపు మీదికెక్కి బిగించాడు. వాడి బూట్లు నేలను టపటపా తన్నాయి. తరవాత మెల్లగా. తరవాత అసలు తన్నలేదు.

స్క్రూడ్రైవర్ పెరికి పారేసి, తాడుతో సహా లోపలికి అడుగుపెట్టాడు.

టీవీ ముందు నెమలి నిలబడి ఉంది.

"వచ్చారా ఏవండీ? బట్టలు ఆరేయడం అయిందా?" అంటూ కాల్చింది. గుండు మోకాలు పగలగొట్టింది. నత్త ఆమె కాళ్ళ దగ్గరే పడ్డాడు.

"ఎన్నాళ్ళ నుంచే ఇది?"

"మన పెళ్ళికి ముందు నుంచే."

"కింది పేటలో మా అక్క ఉందే. నీ బట్టలు కుట్టేది ఆవిడే."

"చెయ్యి చాలా నీటు. పాపం." నెమలి ఒక చేత తుపాకీ పట్టుకుని, రెండో చేతి వేలు ఫోన్ మీద కదుపుతోంది. గేట్లన్నీ ఎంచుకుంది. మిగిలింది చివరి బటన్. పొరపాటున వేలు తగిలి గేట్లు లేవకుండా, తెర మీది ఎర్ర వృత్తం నిండేదాకా దాన్ని నొక్కే పట్టుకోవాలి. నొక్కింది. వృత్తం సగానికొచ్చింది.

ఫోన్ మోగింది. పట్టు తెగింది. వృత్తం ఖాళీ అయింది. తెర నిండా ఒకటే మాట: అమ్మ.

నెమలి కాల్ కట్ చేసి మళ్ళీ నొక్కింది. మళ్ళీ మోగింది.

నొప్పితో మెలికలు తిరుగుతూనే నత్త నవ్వాడు. "కొడుకు ఎత్తేదాకా చేస్తుందావిడ. ఏడాదిగా రోజూ పొద్దున్నే వాళ్ళ కాల్స్ వింటున్నా. హెడ్‌ఫోన్ పెడితే నీ జుట్టు చెదురుతుందని ఆ డ్యూటీ ఒక్కరోజూ చెయ్యలేదుగా నువ్వు!"

"నోర్ముయ్. ఫ్లైట్ మోడ్ పెడతా."

"పెట్టు. డ్యామ్‌కి పోయే నెట్టూ ఆ సిమ్ మీదే. రెండూ పోతాయి."

నెమలి పళ్ళు నూరి ఆ నంబర్ని బ్లాక్ చేసింది. గది నిశ్శబ్దమైంది. బటన్ నొక్కి పట్టుకుంది. వృత్తం సగం దాటింది, ముప్పావు దాటింది, వెంట్రుకవాసి మిగిలింది.

ఫోన్ మోగింది. ఈసారి పేరు: ఇల్లు.

"ముసలిదానా!" అని తుపాకీ బల్ల మీద పడేసి, నెమలి ఫోన్‌ని రెండు చేతులా అందుకుంది. నత్తకు ఆ పాటి సందు చాలు. తాడు ఆమె చీలమండకు వేసి లాగాడు. నెమలి వెల్లకిలా పడుతూ టీవీ స్టాండును కూడా లాక్కుంది. టీవీ ఆమె భుజం మీద పగిలింది. బల్ల ఒరిగి తుపాకీ నేల మీదికి జారింది. ఇద్దరూ దానికోసం పాకారు. పాకడంలో నత్తదే పైచెయ్యి.

"ఏవండీ..." అని బతిమాలబోయింది నెమలి. మిగతా మాట గుండు మింగేసింది.

ఫోన్ మోగుతూనే ఉంది. నత్త రక్తం చేత్తోనే ఎత్తాడు.

"ఏరా, తిన్నావా? ఊరికే కట్ చేస్తావేంట్రా?"

గుమ్మం దగ్గర ఇంజనీరు కళ్ళు తెరిచే ఉన్నాయి. ఏడాదిగా విన్న అతని గొంతును నత్త తన గొంతులోకి తెచ్చుకున్నాడు. "తిన్నానమ్మా. పనిలో ఉన్నా."

"గొంతేంటి అలా ఉంది? జలుబా?"

"ఆఁ."

"వేణ్ణీళ్ళు తాగు. రేపు చేస్తాలే."

జేబులో క్లిప్పు కేకలేస్తోంది. "నత్తా! గేట్లు లేచాయా? మాట్లాడు! నెమలి దొరికిందా?"

నత్త ఫోన్ లాక్ చేసి జేబులో వేసుకున్నాడు. రేపు పొద్దున అది మళ్ళీ మోగుతుంది. వంగి ఇంజనీరు కళ్ళు మూశాడు. పెద్దాయన అరుస్తుండగానే గోడ పట్టుకుని కుంటుకుంటూ ఆ ఇంట్లోంచి బయటికి నడిచాడు.

ఎదుటి బాల్కనీలో సగం బట్టలు ఇంకా బకెట్లోనే ఉన్నాయి. ఇక వంతు ఎవరిదన్న పేచీ మాత్రం లేదు.