పన్నెండో రోజు లెక్క

సోమవారం పొద్దున్న ఎనిమిది గంటలకు ఆఫీసు తలుపు మీద ఎవరో తట్టినట్టు కాదు, గోకినట్టు చప్పుడైంది. పిచ్చుక ఉలిక్కిపడి లేచి తలుపు తీసింది. ఎదురుగా నలభై దాటిన ఒకావిడ, ప్లాస్టిక్ ఫైలును రెండు చేతులతో గుండెకు అదుముకుని, మెట్లవైపే చూస్తూ నిలబడి ఉంది. లోపలికి వచ్చాక కూడా వీపు గోడకు ఆనే కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

పిచ్చుక ఆ ఆఫీసులో అసిస్టెంటు. ముప్ఫై ఏళ్ళొచ్చినా ఇంట్లో పెట్టిన ఆ ముద్దుపేరూ పోలేదు, చిన్న చప్పుడుకే అదిరిపడే గుణమూ పోలేదు. డిటెక్టివు ఆమెకు సొంత పిన్ని. ఇన్సూరెన్సు కంపెనీలో ఇరవై ఏళ్ళు దొంగ క్లెయిములు పట్టుకుని, ఆ తర్వాత సొంతంగా బోర్డు పెట్టుకున్న మనిషి. పిన్ని కళ్ళజోడు తుడుచుకుంటున్నా అందులో ఏదో మర్మం ఉందనే పిచ్చుక నమ్మకం.

"నేను కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తానండీ," అంది వచ్చినావిడ. "ఇంట్లో ముందు గదిలో ఓ చిన్న క్లాసు కూడా ఉంది. ఉద్యోగం చేసుకుంటూ ప్రమోషన్ పరీక్షలకు చదివేవాళ్ళు ముగ్గురు వస్తారు. మంగళవారం, శనివారం, పొద్దున్నే. వాళ్ళు చేసిన లెక్కలు వేసి పోవడానికి గుమ్మం పక్కన అట్టపెట్టె పెట్టాను. మూడు వారాల కిందట అందులో ఇది దొరికింది."

ఫైల్లోంచి ఒక కాగితం తీసింది. ప్రింటు కాగితం, సంతకం లేదు. 'ఒక టీచరు రోజూ ఇరవై రెండు మెట్లు దిగుతుంది. ఒక్కో మెట్టు మీద కాలు జారే సంభావ్యత 0.01. దిగేలోగా కనీసం ఒక్కసారి జారే సంభావ్యత ఎంత?'

"వెళ్ళి మా ఇంటి మెట్లు లెక్కపెట్టాను. సరిగ్గా ఇరవై రెండు," అంది టీచరు. తర్వాత సిగ్గుపడుతూ, "ఆన్సరు కూడా చేశానండీ. దాదాపు ఐదింట ఒకటి. అంత భయంలోనూ చెయ్యి ఊరుకోలేదు."

పిన్ని నవ్వలేదు. "రెండోది చూపించండి."

"రెండోది ఉందని మీకెలా తెలుసు?"

"ఒక్క దానికే అయితే మూడు వారాలు ఆగి ఇవాళ వచ్చేవారు కాదు."

రెండో కాగితం నిన్న ఆదివారం దొరికిందట. పిచ్చుక పిన్ని భుజం మీదుగా చదివింది.

'ఒక టీచరు కాలేజీ నుంచి ఇంటి గేటుకు చేరిన సమయాలు కింద ఇచ్చాం. శని ఆదివారాలు వదిలేయండి. మొదటి సోమవారం నుంచి పది రోజులు, సాయంత్రం ఐదు దాటాక నిమిషాల్లో: 24, 22, 33, 32, 33, 42, 38, 43, 47, 51. వీటి మధ్యగా పోయే సగటు గీత (రిగ్రెషన్ లైను) గీయండి. (అ) పదకొండో రోజు ఆమె ఎప్పుడు చేరుతుంది? (ఆ) పన్నెండో రోజు అసలు చేరకపోయే సంభావ్యత ఎంత? మంగళవారం క్లాసు మానేస్తే ఈ లెక్క చేయనవసరం లేదు.'

"పదకొండో రోజు ఇవాళే," అంది టీచరు. "ఐదూ యాభై మూడు వస్తుంది. రేపు మంగళవారం. పన్నెండోది. ఎవడో గేటు దగ్గర కాపుకాసి నా రాకపోకలు రాసుకుంటున్నాడండీ. రాత్రి నిద్ర లేదు. కాఫీ గ్లాసు కింద పెడితే ఆ చప్పుడుకే ప్రాణం పోతోంది."

పిన్ని కళ్ళజోడు సర్దుకుంది. "ఈ పది నంబర్లూ నిజమేనా? ఏ రోజు ఏం చేశారో గుర్తుచేసుకోండి."

టీచరు కళ్ళు మూసుకుని వేళ్ళమీద లెక్కపెట్టింది. కాలేజీ పరీక్షల పని పెరిగి రోజురోజుకూ ఆలస్యమవుతున్న మాట నిజమే. బస్సు దిగగానే వాచీ చూసుకునే అలవాటు ఉంది కాబట్టి చాలావరకు సరిపోయాయి. ఒక చోట ఆగింది.

"నాలుగో రోజు తప్పు. గురువారం కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను, ఇంటికొచ్చేసరికి ఏడూ పావు. ఐదూ ముప్ఫై రెండు ఏమిటి? తొమ్మిదో రోజైతే జ్వరంతో కాలేజీకే పోలేదు. మంచం దిగలేదు. దానికి నలభై ఏడు నిమిషాలని వేశాడు."

"తొమ్మిదోది ఏ వారం?"

"అదీ గురువారమే."

పిన్ని ఆ రెండు అంకెల చుట్టూ పెన్సిలుతో సున్నాలు చుట్టింది. "క్లాసుకొచ్చే ముగ్గురూ ఎవరు? రేపటి క్లాసులో ప్రత్యేకం ఏమిటి?"

"ఒకరు నర్సు. ఒకాయన వాతావరణ ఆఫీసు గుమాస్తా. ఇంకొకతను లిఫ్టు మెకానిక్. అట్టపెట్టె సంగతి ఆ ముగ్గురికే తెలుసు. రేపు ఆఖరి క్లాసు. పుస్తకంలో లెక్కలు బోరు కొడతాయని ఎవరి పనిలోంచి వాళ్ళని అంకెలు తెమ్మన్నాను. నర్సు నాడి కొట్టుకునే వేగం తెచ్చింది, గుమాస్తా ఉష్ణోగ్రతలు, మెకానిక్ లిఫ్టు బ్రేకు పరీక్షలు. వాటిని బోర్డు మీద చేద్దామని బీరువాలో పెట్టాను."

"తెచ్చారా?"

ఏదైనా పోలిక దొరుకుతుందేమోనని ఫైల్లో పెట్టుకొచ్చింది. పిన్ని వాటిని పిచ్చుక ముందుకు తోసింది. "గ్రాఫులు గియ్యవే. ముగ్గురివీ."

స్కూల్లో లెక్కల పీరియడ్ అంటే కడుపునొప్పి తెచ్చుకున్న పిచ్చుక ఏడుపుమొహంతో స్కేలు తీసుకుంది. టీచరు పక్కన కూర్చుని లైన్లు గీయడం చూపించింది. నాడి చుక్కలు చెల్లాచెదురుగా పడ్డాయి. ఉష్ణోగ్రతలూ అంతే. మెకానిక్ కాగితంలో లిఫ్టుల్లో ఎక్కించిన బరువు ఒక వైపు, బ్రేకు పడ్డాక ఆగేలోపు జారిన దూరం ఇంకో వైపు. అవి ఇరవై నాలుగు పరీక్షలు, పక్కన తేదీలు. వాటిలో కొన్ని లైనుకు పైన, కొన్ని కింద, ఆరు సరిగ్గా లైను మీద.

"చుక్కలు లైను మీద పడితే మంచిదేగా?" అంది పిచ్చుక.

"లైను అంటే సగటు కథమ్మా," అంది టీచరు. "ఏ చుక్కా దాని మీదే కూర్చోవాలని లేదు."

పిన్ని తేదీలకేసి చూసి కేలండరు తిరగేసింది.

టీచరు కాలేజీకి వెళ్ళాక, మధ్యాహ్నం దాకా పిన్నీ పిచ్చుకా ఊరంతా తిరిగారు. పిచ్చుక వాతావరణ ఆఫీసుకు వెళ్ళింది. గుమాస్తా రోజూ సాయంత్రం ఐదున్నరకు మేడెక్కి థర్మామీటరు చూసి రిజిస్టర్లో సంతకం పెట్టాలి. రెండు వారాల సంతకాలూ ఉన్నాయి, గురువారాలు తప్ప. గురువారం ఆయనకు సెలవు. నర్సుకు మొదటి వారమంతా సాయంత్రం డ్యూటీ. మెకానిక్ ఐదింటికే పని దిగిపోతాడు, ఒక్క గురువారం మాత్రం ఏడింటి దాకా నర్సు పనిచేసే ఆస్పత్రి లిఫ్టు దగ్గరే ఉంటాడు.

"అయితే గుమాస్తానే పిన్నీ," అంది పిచ్చుక. "గురువారం సంతకాల్లేవు."

"బుర్ర వాడవే," అంది పిన్ని.

సాయంత్రం టీచరుతో పాటు బస్సు దిగి గేటుదాకా నడవాల్సింది పిచ్చుక. పిన్ని ఆజ్ఞ. ఇంకా వెలుతురు ఉంది, రోడ్డు మీద మనుషులున్నారు, అయినా పిచ్చుక అడుగడుక్కీ వెనక్కి తిరిగి చూస్తోంది. టీచరు ఆమె మోచేయి పట్టుకుంది. ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో తెలియలేదు.

గేటుకు ఎదురుగా మందుల షాపు బోర్డు వెనక ఒక స్కూటరు ఆగి ఉంది. దాని మీద హెల్మెట్ పెట్టుకున్న మనిషి. అద్దం దించుకుని ఉన్నాడు, మొహం కనపడదు. టీచరు గేటు మీద చెయ్యి వేసిన క్షణాన అతను తాపీగా ఎడమ మణికట్టు పైకెత్తి టైము చూసుకున్నాడు. తర్వాత వాళ్ళిద్దరినీ చూస్తూ ఒకసారి తలాడించాడు, సరిపోయింది అన్నట్టు. స్కూటరు స్టార్టు చేసి వెళ్ళిపోయాడు. నంబరు ప్లేటుకు మట్టి పూసి ఉంది.

పిచ్చుక పై ప్రాణాలు పైనే పోయాయి. వాచీ చూస్తే ఐదూ యాభై మూడు. టీచరు గేటుకు ఆనుకుని అలాగే కిందికి జారిపోయింది. "రేపు క్లాసు వద్దు," అంది ఏడుస్తూ. "నాకు పరీక్షలూ వద్దు, పాఠాలూ వద్దు. మా అక్కయ్య ఇంటికి పోతాను."

ఆ రాత్రి టీచరుకు తోడుగా పిన్ని, పిచ్చుక అక్కడే పడుకున్నారు. "రేపు క్లాసు జరగాలి టీచరుగారూ," అంది పిన్ని మెత్తగా. "వాడు భయపడుతున్నది మీకు కాదు. మీరు బీరువాలో దాచిన కాగితానికి."

మంగళవారం ఏడింటికి ముగ్గురూ వచ్చారు. నర్సు డ్యూటీ చీర మీదే వచ్చింది. గుమాస్తా ఎప్పటిలాగే ముందు బెంచీ మీద కూర్చుని మూడు పెన్సిళ్ళు చెక్కుకున్నాడు. మెకానిక్ నలభై ఐదేళ్ళ నెమ్మదైన మనిషి. బోర్డు ముందు కొత్త మనుషుల్ని చూసి గుమ్మంలోనే ఆగాడు. అతను లోపలికి వచ్చాక పిచ్చుక తలుపు గడియపెట్టి దానికి ఆనుకుని నిలబడింది.

పిన్ని బోర్డు మీద పది చుక్కలు పెట్టి వాటి మధ్య లైను గీసింది.

"టీచరుగారిని ఎవరో పదిరోజులు కాపుకాశారు. ఎనిమిది రోజులు నిజంగా చూశారు. అందుకే ఆ ఎనిమిది చుక్కలూ లైనుకు అటూ ఇటూ ఉన్నాయి. నాలుగోది, తొమ్మిదోది మాత్రం చూడలేదు. ఆ రెండు రోజులూ టీచరుగారు ఆ టైముకి గేటు ఛాయలకే రాలేదు. ఖాళీ వదలడం ఇష్టం లేక ఆ మనిషి మిగతా ఎనిమిదింటికి లైను కట్టి, దాని మీదున్న అంకెల్నే వేసేశాడు. చూడండి. ముప్ఫై రెండు, నలభై ఏడు. వెంట్రుకవాసి తేడా లేదు. స్టాటిస్టిక్స్ రానివాడైతే నోటికొచ్చిన నంబరు వేసేవాడు. ఇది బాగా ప్రాక్టీసు చేసినవాడి పని."

గుమాస్తా పెన్సిలు కింద పెట్టాడు. "గురువారం నాకు సెలవండీ," అన్నాడు బెదిరిపోయి. "నేను కాదు."

"కాదు బాబూ. కాపుకాసిన మనిషికి గురువారమే తీరిక లేదు. మీకేమో గురువారం ఒక్కటే తీరిక. మిగతా ఎనిమిది రోజులూ ఐదున్నరకు మీరు మేడ మీద ఉన్నారు. నర్సమ్మ మొదటి వారమంతా వార్డులో ఉంది." పిన్ని గొంతు పెంచలేదు. "సాయంత్రాలన్నీ ఖాళీగా ఉండి, గురువారం మాత్రం లేనిది ఒక్కరే."

అందరూ మెకానిక్ వైపు తిరిగారు.

"గురువారం పనిలో ఉండటం నేరమా అమ్మా?" అన్నాడతను.

"కాదు. కానీ మీరు తెచ్చిన బ్రేకు పరీక్షల్లో ఆరు చుక్కలు సరిగ్గా లైను మీద ఉన్నాయి. కేలండరు చూశాను. ఆరూ గురువారాలే. మిగతా పద్ధెనిమిది మీరు కొలిచారు. ఈ ఆరూ కొలవలేదు, లెక్కకట్టి వేశారు. ఇవాళ టీచరుగారు వీటిని బోర్డు మీద వేస్తే, అవి తమ ఆస్పత్రి లిఫ్టువేనని నర్సమ్మ పోల్చుకుంటుందని భయపడ్డారు. అవునా కాదా?"

మెకానిక్ బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాడు.

"ఆస్పత్రి లిఫ్టు ఖాళీ ఎప్పుడుంటుందమ్మా? బరువులు ఎక్కించి బ్రేకు పరీక్ష చేయాలంటే రెండు గంటలు ఆపాలి. గురువారం పోతాను. ఒక పేషెంటు దిగేలోగా ఇంకో స్ట్రెచరు వస్తుంది. నూనె వేసి వచ్చేవాణ్ణి. కంపెనీకి అంకెలు కావాలి, మిగతా లిఫ్టుల సగటు చూసి వేశాను. క్లాసుకు అంకెలు తెమ్మంటే ఆలోచించకుండా ఆ కాగితమే తెచ్చాను. తర్వాత మేడమ్ లైను గురించి చెప్తుంటే నాకు ముచ్చెమటలు పోశాయి. తిరిగి ఇవ్వమని అడిగాను, ఆఖరి క్లాసుకు దాచాను అన్నారు. ఆవిణ్ణి ఏం చేసేవాణ్ణి కాదు, ఒట్టు. క్లాసు ఆగితే చాలనుకున్నాను."

"నన్ను చంపేస్తారనుకున్నాను," అంది టీచరు. "పన్నెండు రోజులు కాదు, మూడు వారాలు చచ్చాను."

అప్పుడు లేచింది నర్సు. "ఎన్నాళ్ళయింది అసలు పరీక్ష చేసి?"

"ఏడాది పైనే."

"ఎనిమిదింటికి ఆపరేషనుంది," అంది నర్సు. "పై అంతస్తు నుంచి కిందికి దించుతారు. స్ట్రెచరు, ఆక్సిజన్ సిలిండరు, ఐదుగురు మనుషులు."

గడియారంలో ఏడూ నలభై ఎనిమిది. నర్సు వార్డుకు ఫోను కలిపింది. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. మళ్ళీ కలిపింది. మూడోసారి ఎవరో ఎత్తగానే మెకానిక్ ఒక్క ఉదుటున వచ్చి ఆ ఫోను లాక్కున్నాడు. "లిఫ్టు ఎక్కించకండి. మెట్ల మీద మోసుకెళ్ళండి. నేను మెకానిక్‌ని, చెప్తున్నాను, ఎక్కించకండి," అని అరిచాడు. అవతల ఏం చెప్పారో విని ఫోను తిరిగి నర్సు చేతిలో పెట్టాడు. "తలుపు మూయబోతున్నారట. ఆపారు."

పిన్ని పోలీసులకు కబురు పెట్టింది. అయితే ముందు ఆస్పత్రికే వెళ్ళాలంది. అందరూ వెళ్ళారు. కంపెనీ ఇంజనీరు వచ్చాడు. లోపల మనిషి లేకుండా ఇసుక బస్తాలు ఎక్కించి, తలుపులు మూసి, పై నుంచి వదిలి, మధ్యలో బ్రేకు వేశారు. కొలిచేది మెకానికే. అతనికి అటూ ఇటూ ఇద్దరు కానిస్టేబుళ్ళు. నంబరు రాసుకోవడానికి పిచ్చుక కాగితం పట్టుకుంది.

బ్రేకు పడిన చప్పుడు వినపడింది. తర్వాత ఇనుము ఇనుము మీద రాసుకుంటూ పోతున్న చప్పుడు. ఎక్కడా తెగలేదు అది. చివరికి అట్టడుగున పెద్ద మోత మోగింది, కారిడారు అద్దాలన్నీ అదిరాయి. నర్సు మెట్ల మీద కూలబడింది. టీచరు వెళ్ళి ఆమె పక్కన కూర్చుని భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"ఎంత రాయమంటారు?" అంది పిచ్చుక.

మెకానిక్ కొలిచే టేపు జేబులో పెట్టుకున్నాడు. విప్పనేలేదు దాన్ని.

"ఆగలేదు అని రాయమ్మా," అన్నాడు.