మూడో తారీకు పాలు

కంచరపాలెంలో తెల్లారిందంటే ముందు రైలు కూత, ఆ వెనకే కుక్కర్ కూత. తాయారమ్మ ఇంట్లో మాత్రం కొన్నాళ్ళుగా ఆ రెండింటికంటే ముందు పాలు తీసే మిషను గుర్రుగుర్రుమంటోంది. మంచం మీద గోడకి ఆనుకుని దేవిశ్రీ కూర్చుంది. చెవుల్లో దూది, తలకి గుడ్డ, ఒంటిచుట్టూ అత్తగారి పాత దుప్పటి. బయట ఎండ మాడ్చేస్తున్నా సరే, బాలింతకి గాలి తగలకూడదు. తాయారమ్మ పురుటి చట్టంలో సవరణలకి చోటు లేదు.

"ఎంతొచ్చింది?" వంటింట్లోంచి అత్తగారి కేక.

"అరవై ఎమ్మెల్ దాటింది అత్తా!"

"మరేటనుకున్నావ్? వెల్లుల్లి కారం తినమంటే నిన్న ఏడ్సుకుంటా తిన్నావ్. సూడిప్పుడు!"

దేవిశ్రీ నవ్వుకుని డబ్బా మూత బిగించింది. పైన అంటించిన కాగితం మీద మార్కర్‌తో రాసింది: బేబీ ఆఫ్ దేవిశ్రీ, పదకొండో తారీకు, పొద్దున ఆరున్నర. పాపకి ఇంకా పేరు లేదు. ఏడో నెలలోనే తొందరపడి ఒకటో తారీకున పుట్టేసింది. కేజీ నూట ఇరవై గ్రాములు. పుట్టగానే ఐసీయూలోకి తీసుకుపోయారు. ఆపరేషన్ కోతతో మంచం దిగలేని దేవిశ్రీని ఒక్కసారి చక్రాల కుర్చీలో తీసుకెళ్తే, అద్దం ఇవతలి నుంచి చూసింది. ఐదో రోజున ఆమెని ఇంటికి పంపేశారు, పాప అక్కడే ఉండిపోయింది. ఎలమంచిలిలో పుట్టిల్లయితే ఉంది గానీ అక్కడ తల్లి లేదు. ఖాళీ ఒడితో ఇంటికొచ్చిన ఆ పిల్లకి మిషను ఒక్కటే పని, డబ్బా నిండటం ఒక్కటే ధైర్యం.

మొగుడు సింహాద్రి హడావుడిగా లోపలికొచ్చాడు. ఫిషింగ్ హార్బరు దగ్గర రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలో, కోల్డ్ స్టోరేజీ చూసుకునే ఉద్యోగం. చేతిలో తెల్లటి థర్మాకోల్ పెట్టె. రోజూ డ్యూటీకి వెళ్తూ దారిలో ఆసుపత్రిలో పాలు ఇచ్చేసి వెళ్తాడు.

"నిన్న తాగిందా?" దేవిశ్రీ ఆత్రంగా అడిగింది.

"తాగింది."

"ఎంత?"

"ఇరవై ఎమ్మెల్. గొట్టంలోంచి పోత్తంటే పెదాలు సప్పరిస్తంది." సింహాద్రి వంగి బూటు తాడు కట్టుకుంటూ చెప్పాడు. పాప పాల సంగతి చెప్పేటప్పుడు అతనికి ఎప్పుడూ బూటు తాడో, బండి తాళమో అడ్డం వస్తుంది. దేవిశ్రీ అది గమనించలేదు. ఆమె మనసు ఇరవై దగ్గరే ఆగిపోయింది. మూడో తారీకున మొదటిసారి వచ్చింది నాలుగు చుక్కలు. ఇప్పుడు ఇరవై తాగుతోందంటే నా తల్లి బాగుపడుతున్నట్టే కదా!

పదకొండో రోజు పురుటి స్నానం. తాయారమ్మ నలుగు పెట్టి, కాగులో వేడినీళ్ళు తోడి, కోడలికి ఒళ్ళు కమిలేలా స్నానం చేయించింది. సాంబ్రాణి పొగ వేస్తుండగా దేవిశ్రీ మెల్లిగా మొదలెట్టింది.

"అత్తా, మైల పోయింది కదా. ఒకసారి ఎల్లి పాపని సూసొస్తాను."

"నెల తిరక్కుండా గడప దాటుతావేటి? గాలి పట్టిందంటే పాలు ఎండిపోతాయ్. పాప తాగుతంది, నువ్వు తీత్తన్నావ్, ఆడు అట్టుకెల్తన్నాడు. ఇంకేటి కావాలి నీకు?"

చూడాలి, అంతే కావాలి. ఆ మాట అత్తగారితో అనలేక దేవిశ్రీ మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ తలుపు తీసింది. పై అరలో పొద్దుటి డబ్బా అలాగే ఉంది. సింహాద్రి రాత్రి తీసినవి పెట్టెలో సర్దుకుని, ఇది మర్చిపోయి వెళ్ళిపోయాడు.

"అత్తా! పాలు వదిలేసి ఎల్లిపోయేడు!"

ఫోను చేస్తే కలవలేదు. చల్లటి గదిలోకి వెళ్తే గంటల తరబడి సిగ్నల్ ఉండదు. దేవిశ్రీ డబ్బా చేతిలోకి తీసుకుంది. "మద్దేనానికి పాపకేటి పోత్తారు? ఆకలికి ఏడుత్తాది అత్తా..."

తాయారమ్మ డబ్బా వంక చూసింది, కోడలి వంక చూసింది. శాస్త్రం శాస్త్రమే, కానీ ఆకలేసిన పసిగుంట ముందు శాస్త్రం ఏపాటిది! గబగబా శాలువా తెచ్చి దేవిశ్రీకి ముక్కు తప్ప ఏమీ కనిపించకుండా చుట్టేసింది.

"పద. ఆటోని నెమ్మదిగా నడపమని నాను సెప్తాను."

చెప్పింది కూడా. ప్రతి గోతి దగ్గరా చెప్పింది. కాన్వెంట్ జంక్షన్‌లో పోర్టు లారీలు అడ్డొస్తే లారీ వాళ్ళక్కూడా చెప్పింది. దేవిశ్రీ మాత్రం కుట్లు లాగుతున్నా పలక్కుండా, పాల డబ్బా చుట్టూ ఐసు ముక్కల సంచి అదిమిపెట్టుకుని కూర్చుంది.

ఐసీయూ తలుపు దగ్గర నర్సు చంద్రిక ఎదురైంది. "మీరు దేవిశ్రీ కదూ? చేతులు కడుక్కుని గౌను వేసుకోండి, చూద్దురు గానీ."

"ముందు ఇయ్యి తీసుకోండమ్మా. మద్దేనానికి లేవు, ఆయన మర్చిపోయేడు. పాపకి ఆలస్యమైపోనేదు కదా?"

చంద్రిక డబ్బా అందుకుని అయోమయంగా చూసింది. "మధ్యాహ్నానికా? పాపకి పాలు ఇంకా మొదలుపెట్టలేదమ్మా. పేగులకి ఇన్ఫెక్షన్ పాకి పొట్ట ఉబ్బింది కదా, పుట్టిన రెండో రోజు నుంచీ అంతా సెలైన్‌లోనే. మీ ఆయనకి రోజూ చెప్తూనే ఉన్నాం. ఆయన మీకు..." అని సగంలో ఆగిపోయింది.

దేవిశ్రీకి ఆ మాటలు వినబడ్డాయి గానీ లోపలికి దిగడానికి చాలాసేపు పట్టింది. చేతులు కడుక్కుంది, గౌను వేసుకుంది. గాజు పెట్టెలో పాప అరచెయ్యంత ఉంది. ముక్కులో గొట్టం, చేతికి సూది, పొట్ట మీద నీలి నరాలు. ఇరవై ఎమ్మెల్ తాగి చప్పరించే పాప ఎక్కడుంది? ఆ పాప ఎనిమిది రోజులుగా సింహాద్రి నోట్లోనే ఉంది.

నీ ఆకలి నాకు తెలీనివ్వలేదే తల్లీ, అని దేవిశ్రీ నిశ్శబ్దంగా ఏడ్చింది. చంద్రిక గాజు పెట్టెకున్న చిన్న కిటికీ తెరిచి, "చెయ్యి లోపల పెట్టి తల మీద ఆనించండి, ఊరికే ఆనించి ఉంచండి" అంది. గోరువెచ్చటి తల. దేవిశ్రీ చెయ్యి కదపలేదు.

గంట తర్వాత సింహాద్రి పరిగెత్తుకుంటూ వచ్చాడు. తల్లి చేసిన పన్నెండు మిస్డ్ కాల్స్ చూసి వచ్చాడు. కాళ్ళకి గమ్ బూట్లు, ఒళ్ళంతా రొయ్యల వాసన. వరండాలో బెంచీ మీద కూర్చున్న భార్యని చూడగానే అతని అడుగులు ఆగిపోయాయి.

"రోజూ నానేటి అడిగేదాన్ని?" దేవిశ్రీ గొంతు పెంచలేదు.

"దేవీ..."

"తాగిందా అనడిగేదాన్ని. నువ్వేటి సెప్పేవోడివి? పది, పదిహేను, ఇరవై! లెక్కలు కూడా పెంచుకుంటా వొచ్చేవ్! నా గుంట ఇక్కడ పొట్ట ఉబ్బిపోయి సూదుల మీద ఉంటే, నాను వెల్లుల్లి తింటా నవ్వుతన్నాను. నన్ను తల్లననుకున్నావా, పాల డెయిరీ అనుకున్నావా?"

"మొదటి రోజు నిజం సెప్పేద్దామనే వొచ్చేను." సింహాద్రి ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూలబడ్డాడు. "డాక్టరమ్మ ఏ మాటా సెప్పలేనంది. నీ దగ్గరికొస్తే నువ్వు డబ్బా అట్టుకుని కూకున్నావ్. అడుగున నాలుగు చుక్కలు. 'ఇయ్యి సరిపోతాయా' అన్నావ్. నాకు నోరు రానేదు. బెంగ పెట్టుకుంటే పాలు పోతాయని అమ్మ సెప్తానే ఉంది. రేపు సెప్తాను, రేపు సెప్తాను అనుకున్నాను. పాప తాగిన రోజున అబద్దం దానంతటదే నిజమైపోద్ది కదా అనుకున్నాను."

"తాగకుండా పోయుంటే? అప్పుడేటి సెప్పేవోడివి?"

సింహాద్రి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. భర్త ఏడవడం దేవిశ్రీ చూడటం అదే మొదటిసారి. అయినా ఆమె కోపం చల్లారలేదు.

"నా పాలేటి సేసేవ్? ఈల్ల ఫ్రీజరులో మూడు రోజులయ్యే పడతాయట. మిగతాయి పారబోసేవా?"

"నేదు." అతను చటుక్కున తలెత్తాడు. "రెండుసార్లు సింకు దాకా ఎల్లేను, సెయ్యి రానేదు. బిడ్డ పోయినోల్ల పాలే పారబోత్తారు దేవీ. మన గుంట ఉంది కదా."

అంతసేపూ గోడవైపు తిరిగి ఉన్న తాయారమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఈడి ముందు నాకొకడు పుట్టి పోయేడమ్మీ. వారం దాకా పాలు ఆగలేదు. తెల్లారగట్ల లేచి గోడకి పిండుకునేదాన్ని. ఆ కతే ఈడికి పదిసార్లు సెప్పుంటాను. నా నోరే ఈడి నోరు నొక్కేసింది." ఆమె వచ్చి కోడలి పక్కన కూలబడింది.

దేవిశ్రీ అత్తగారి చెయ్యి పట్టుకుంది. మొగుడి వంక మాత్రం చూడలేదు.

అప్పుడే రౌండ్స్ ముగించుకుని డాక్టరమ్మ బయటికొచ్చింది. "మంచి మాట చెప్తాను, అందరూ మొహాలు తుడుచుకోండి. పొట్ట మెత్తబడింది. ఎక్స్‌రే కూడా బాగుంది. ఇవాళ ఒక్క ఎమ్మెల్‌తో మొదలుపెడదాం. మొదటి రోజుల ముర్రుపాలు ఉంటే ఇంకా మంచిది. ఉన్నాయా చంద్రికా?"

"లేవు మేడం. పాతవి ఆయనే తీసుకెళ్ళిపోయారు."

"ఉన్నాయి మేడం!" సింహాద్రి లేచి నిలబడ్డాడు. "మూడో తారీకువి ఉన్నాయి. మా కోల్డ్ స్టోరేజీలో."

"రొయ్యల్లోనా!" చంద్రిక అదిరిపడింది.

"రొయ్యల్లో కాదమ్మా. ల్యాబ్‌లో శాంపిల్స్ పెట్టే చిన్న ఫ్రీజరుంది. మా మేనేజరుగారు అది ఖాళీ సేయించి తాళం నాకిచ్చేరు. మీరిచ్చిన డబ్బాలే, సీలు తియ్యలేదు. గంట గంటకీ టెంపరేచర్ రాసేం మేడం, ఇదిగో." ఫోనులో రిజిస్టరు ఫొటోలు ఒక్కొక్కటీ జరిపి చూపించాడు. "ఒక్కసారి కూడా మైనస్ ఇరవై దాటి పైకి రానేదు. కరెంటు పోయినా జనరేటరుంది."

డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని అన్నీ చదివింది. "మన ఫ్రీజరుకి కూడా ఇంత శ్రద్ధగా రాయరు" అని చంద్రిక వైపు చూసింది. చంద్రిక మూతి ముడుచుకుంది. "సరే, ఐసులో పెట్టి తీసుకురండి. కరగకూడదు."

నలభై నిమిషాల్లో సింహాద్రి తిరిగొచ్చి, థర్మాకోల్ పెట్టె దేవిశ్రీ ముందు పెట్టి మూత తీశాడు. డబ్బాలు తారీకుల వారీగా వరసలో ఉన్నాయి, మూడు, నాలుగు, ఐదు. ముందొచ్చిన సరుకు ముందెళ్ళాలన్నది అతని ఉద్యోగంలో మొదటి పాఠం. అన్నిటికంటే ముందు మూడో తారీకు డబ్బాలు. దేవిశ్రీ చేతిరాతే, నొప్పికి వంకర్లు పోయిన అక్షరాలు. పారబోయడానికి చెయ్యి రాని మనిషి, చెప్పడానికి నోరు రాని మనిషి, ఇద్దరూ ఒక్కడే. దేవిశ్రీకి కోపం పోలేదు గానీ, ఆ కోపం పక్కన కూర్చోడానికి అతనికి కాస్త చోటు దొరికింది.

పాలు కరిగాక పసుపుపచ్చగా, చిక్కగా ఉన్నాయి. చంద్రిక సన్నటి గొట్టానికి సిరంజి తగిలించి దేవిశ్రీ చేతికిచ్చింది. "పైకెత్తి పట్టుకోండి. నొక్కకండి. దానంతటదే దిగుతుంది."

ఒక్క ఎమ్మెల్. దిగడానికి పది నిమిషాలు పట్టింది. అద్దం అవతల తాయారమ్మ సింహాచలం అప్పన్నకి మొక్కుల మీద మొక్కులు కడుతోంది. ఆఖరి చుక్క దిగాక పాప నిజంగానే పెదాలు కదిపింది, దేవిశ్రీ కళ్ళారా చూసింది.

బయటికొచ్చాక ఆమె మొగుడి ఎదుట నిలబడింది. "ఇంక నాను రోజూ వస్తాను. నాను లేనప్పుడు అడిగితే ఉన్నదున్నట్టు సెప్పాల. కక్కినా, ఏడ్సినా, మల్లీ ఆపేసినా సరే. సెప్తావా?"

"సెప్తాను."

"బూటు తాడు సూడకుండా సెప్పు."

సింహాద్రి ఆమె కళ్ళలోకి చూశాడు. "సెప్తాను దేవీ."

రాత్రికి అతనే ఆసుపత్రిలో ఉండిపోయాడు. మర్నాడు తెల్లారి ఆరున్నరకి మిషను గుర్రుమంటుండగా ఫోను మోగింది. దేవిశ్రీ చెవిలో దూది పీకి పారేసి ఫోనెత్తింది.

"తాగిందా?"

అవతల సింహాద్రి గొంతు సవరించుకున్నాడు.

"రెండు ఎమ్మెల్ ఇచ్చేరు. అర ఎమ్మెల్ కక్కీసింది. ఫర్వాలేదు, మల్లీ ఇద్దామని డాక్టరమ్మ అంది."

కక్కేసిందన్న మాటకి సంతోషంతో ఏడ్చిన తల్లి ఆ వీధిలో అంతకుముందు ఉండి ఉండదు. ఎనిమిది రోజుల ఇరవైలూ పదిహేనులూ ఇవ్వని నిబ్బరం ఆ కక్కిన అర ఎమ్మెల్ ఇచ్చింది. దేవిశ్రీ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"ఏటంట? తాగిందేటి?" వంటింట్లోంచి అత్తగారి కేక.

"తాగింది అత్తా! ఒకటిన్నర!"

"మరేటనుకున్నావ్?" అంది తాయారమ్మ, ముక్కు ఎగబీల్చుకుంటూ. "బేగి లే, ఆటో వొచ్చే వేళయ్యింది."